నబీ రసూల్ హెగ్రాకు పోయిన రోజు

మదీనాలో మా గదిలో నోరు లేనివాడెవడంటే నబీ రసూలే. మాది రాయచోటి, ఇద్దరమూ డ్రైవర్లమే. అతను టూరిస్టుల వ్యాను తోలేవాడు. కూతురు అఫ్షాన్‌కు ఆరేళ్లు, గుండెలో రంధ్రం. తిరుపతిలో ఆపరేషన్ ఖాయమైందని వీసా ఇచ్చిన యజమాని కఫీల్ కాళ్లావేళ్లా పడ్డాడు. ఆ మహానుభావుడు "సీజన్ అయిపోనీ" అన్నాడే గానీ ఇంటికి పోవడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా ఇప్పించలేదు. వాడి గుండెలో ఏముందో ఏ డాక్టరు చూడాలి!

సరిగ్గా ఆపరేషన్ రోజే జిద్దా తెలుగు కుటుంబాలను హెగ్రాలోని పాతకాలపు కొండ సమాధులు చూపించడానికి తీసుకుపొమ్మన్నాడు. నబీని ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ పక్కసీటు ఎక్కాను. గేటు దగ్గర అందరూ దిగారు. నబీ దిగలేదు.

అక్కడ కొండల్ని తొలిచినవాళ్ల మీద దేవుడి కోపం విరుచుకుపడిందని మావాళ్ల నమ్మకం. పోతే ఏడుస్తూ పోవాలి, లేకుంటే పోనే కూడదు.

"ఏడ్చుకుంటా పోవాల్సిన తావు జానీ ఇది. ఆడేమో బిడ్డను ఆపరేషన్‌కు లోపలికి తీసకపోయినారంట. ఈపొద్దు నేను కండ్లనీళ్లు పెట్టుకుంటే బిడ్డకు మంచిదా?" అన్నాడు.

వ్యానులోనే ఉండిపొమ్మన్నాను. ఉండనిస్తే కదా! ట్రిప్పు పెట్టిన నౌమాన్ సార్‌ది హైదరాబాద్. వాళ్లమ్మ చక్రాల కుర్చీ ఇసుకలో దిగబడింది.

"అరే భాయ్, జర పట్టుండ్రి. సవాబ్, పుణ్యం ఉంటది" అని పిలిచాడు.

చెరో పక్క పట్టుకుని ఎత్తుకుపోయాం. నబీ పళ్లు బిగించుకుని నడిచాడు. కంట తడి రానివ్వలేదు.

గైడ్ పెద్ద సమాధి ముందు నిలబడి, ఈ స్తంభాల పనితనం గ్రీకుల దగ్గర నేర్చిందే అని చెబుతున్నాడు. అందరూ సెల్ఫీల్లో మునిగిపోయారు. అప్పుడు నబీ ఫోన్ మోగింది. బావమరిది. పక్కనున్న నాకూ వినబడుతూనే ఉంది.

"బావా... పాప లేదు బావా. అక్కకింకా చెప్పలేదు, బయట కూసోనుంది. ఇంటికి తీసకపోయి చెప్తాం. నువ్వు అక్కకు ఫోన్ చేయొద్దు."

నబీ ఆ సమాధి గుమ్మం ముందే కూలబడ్డాడు. దేవుడా, మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ వినలేదు.

నౌమాన్ సార్ ఫోన్ తీసి వీడియో పట్టాడు. "సుభానల్లా! ఈమాన్ అంటే ఇదీ! మనం ఫొటోలు దిగుతున్నం, డ్రైవర్ చూడుండ్రి ఎట్ల ఏడుస్తుండో!"

"వాని బిడ్డ చచ్చిపోయింది సార్!" అని అరిచాను.

ఆయన మొహంలో నెత్తురు లేదు. అప్పటికే గల్ఫ్ తెలుగు గ్రూపులో పెట్టేశాడు. వెంటనే తీసేశాడు. తీసేస్తే ఆగుతుందా? రాయచోటిలో ఎవరో పుణ్యాత్ముడు, నీ మొగుడెంత భక్తిపరుడమ్మా అంటూ దాన్ని నబీ భార్య హమీదున్నీసాకు పంపేశాడు.

మేం వ్యాను దగ్గరికి చేరేసరికి ఆమె ఫోన్ వచ్చింది. నబీ వల్ల కాలేదు. నేనే ఎత్తాను.

"జానీ అన్నా, వీడియో చూసినా. ఈపొద్దు ఏం జరిగినా ఏడ్సడు ఆయప్ప. నా బిడ్డకేమైంది?"