సాంచకు పెట్టినట్టే వైఫైకి బొట్టు

సిరిసిల్లలో ఎనిమిది సాంచాలు నడిపే దశరథం చెవులు మామూలు చెవులు కావు. పక్క గదిలో అన్నం తింటూనే, అన్ని మరమగ్గాల రొదలోంచీ ఒక్క చప్పుడు ఏరి, "మూడో సాంచల పోగు తెగింది" అనేస్తాడు. యాభై ఆరేళ్లలో ఆయన్ని ఓడించిన యంత్రం లేదు, వైఫై డబ్బా వచ్చేదాకా.

దసరా అయినప్పటి నుంచి అది సతాయిస్తోంది. ఇవాళ మూడింటికి కూతురు వందనకు హైదరాబాద్ కంపెనీతో వీడియోలో ఇంటర్వ్యూ. ఆఫీసు కంప్యూటర్లు మొరాయిస్తే సరిచేసే ఉద్యోగం. పోయినసారి మధ్యలోనే నెట్ ఆగిపోయింది. వాళ్లు జాలిపడి ఇంకోసారి పిలిచారు. మూడోసారి పిలవరు.

రెండున్నరకు, చూద్దామని వందన స్నేహితురాలికి వీడియో కాల్ చేసింది. ఆ పిల్ల ముఖం నోరు తెరిచిన చోటే ఆగిపోయింది.

"మోటార్లు కరెంటు గుంజుతున్నయేమో బిడ్డా" అంటూ దశరథం సాంచాలు ఒక్కొక్కటే ఆపుతూ పోయాడు. తప్పు దొరకాలంటే ఒక్కొక్కటి ఆపి వినాలి, అదీ ఆయన శాస్త్రం. ఎనిమిదీ ఆగాయి. స్నేహితురాలి నోరు మాత్రం మూతపడలేదు.

వందన డబ్బా సెట్టింగుల పేజీ తెరిచింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"బాపూ, మనింట్ల ఫోన్లెన్ని?"

"మూడు. నీది, నాది, మీ అమ్మది. ఏంది?"

"గిండ్ల ముప్పై ఒకటి ఉన్నయ్."

దశరథం వచ్చి తెర మీదికి వంగి చూశాడు. ముప్పై ఒకటి. ఇంతమంది ఇంట్లో దూరితే ఆ చెవులకు చీమ చిటుక్కుమన్నట్టయినా లేదు.

"పాస్‌వర్డ్ ఎవలకన్న జెప్పినవా?"

"లేదు బిడ్డా, రాజన్న దేవుని మీదొట్టు."

వందన అల్మారా మీది డబ్బా దించింది. అది బోర్లా పడుకుని ఉంది. అడుగున ఉండాల్సిన స్టిక్కరు పైకి తేలి, పసుపు కుంకుమలతో మెరుస్తోంది.

"దీన్ని ఎవలు బోర్లేసిండ్రు?"

"నేనే. దసరాకు బొట్టు వెట్టిన. సాంచకైతే కంపెనీ పేరున్న రేకు మీద వెడ్తం గదా. దీనికి పేరు అడుగున రాసిండ్రు, తెలివితక్కువోళ్లు. తిప్పి వెట్టిన."

వందన స్టిక్కరును కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "ఫొటో దీసినవా?"

"స్టేటస్ గుడ వెట్టిన. మన వాడకట్టంత జూసింది. కోరుట్ల, జగిత్యాల చుట్టాలైతే దండాలు వెట్టిండ్రు."

ఫోన్లో ఆ ఫొటో ఇంకా ఉంది. పూలదండ, కొబ్బరి చిప్పలు, నడుమ డబ్బా. బొట్టు కంపెనీ పేరు మీద పడింది. దాని కింద వైఫై పేరు, పాస్‌వర్డు, ఒక్క అక్షరం చెదరకుండా. దశరథం ఆ ఫొటోను చూసి, కూతుర్ని చూసి, మళ్లీ ఫొటోను చూశాడు.

రెండూ నలభై. వందన పాస్‌వర్డు మార్చింది. సెట్టింగుల పేజీ తాళమూ స్టిక్కరు మీదిదే, దాన్నీ మార్చింది. బటన్ నొక్కితే ఎవరైనా దూరే దారి కూడా మూసేసింది. ముప్పై ఒకటి కాస్తా సున్నా అయింది. తర్వాత ఒకటి, తనది. స్నేహితురాలు ఎట్టకేలకు నోరు మూసింది.

వాడకట్టు మాత్రం తెరిచింది. ముందుగా పక్కింటి రాములవ్వ ఫోన్ పట్టుకుని గడపలోకి వచ్చింది.

"తమ్మీ, వైఫై ఎందుకు వోయింది? మా మహిపాల్ దుబాయ్ నుంచి మాట్లాడుతుంటె కట్టయింది."

"నీ ఫోన్ల మా వైఫై ఎట్లచ్చిందక్కా?"

"గదేందిరా. దండేసి మరీ అందరికి జూపిస్తివి. పండుగకు పంచినవనుకున్నం."

ఆమె వెనక ఇంకో ఐదుగురు. ఒక్కరి ముఖంలోనూ దొంగ చూపు లేదు. పైగా అలిగినట్టున్నారు. దశరథానికి అది రెండో దెబ్బ.

మూడయింది. ఆయన గది తలుపు దగ్గరికేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "గంట సేపు ఎవలు నోరు తెర్వద్దు" అన్నాడు.

లోపల ఇంగ్లిషు దొర్లుతోంది. ఆగలేదు. ఉన్నట్టుండి 'మై ఫాదర్' అని వినిపించింది, ఆ వెంటనే 'బొట్టు'. తర్వాత హైదరాబాదు మొత్తం పగలబడి నవ్వింది. దశరథం ఇటు తిరిగి తలుపుకు చెవి ఆనించాడు.

వందన తలుపు తీసింది. "ఒకటో తారీకు డ్యూటీకి రమ్మన్నరు బాపూ."

"నా ముచ్చట జెప్పినవా?"

"ఈ మధ్యన ఏ సమస్య సరిజేసినవని అడిగిండ్రు. ఏం జెయ్యాలె?"

రాములవ్వ మెడ సాచింది. "అయిపాయె గదా. ఇగ కొత్త పాస్‌వర్డ్ జెప్పు తమ్మీ."

"బిడ్డ నాకు జెప్పలేదక్కా" అన్నాడు దశరథం. "నేనే జెప్పొద్దన్న."