పిండిముద్దకు దొరకని గాజు రవ్వ

పగిలిన కారు అద్దాన్ని రేకు డబ్బాలోకి వంపితే, చాటలో కల్లుప్పు పోసిన చప్పుడు వస్తుంది. ముందు అద్దం పగిలినా బీటలు వారి అలాగే నిలబడుతుంది. పక్క తలుపుల అద్దాలు అలా కాదు, ఒక్క దెబ్బకు మొత్తం రవ్వలుగా రాలిపోతాయి. మనిషిని కొయ్యకూడదనే వాటిని అలా తయారుచేస్తారు. నందిగామలో హైవే పక్కనున్న మా షాపులో ఆ చప్పుడు నేను రోజూ వింటాను. వింటూనే ఫోన్లు మాట్లాడతాను, టీ తాగుతాను. మొన్న వేసవిలో ఒక ఉదయం మాత్రం ఆ చప్పుడుకు నా చేతులు ఆగిపోయాయి. నా ముందున్నది ఖరీదైన తెల్ల ఎలక్ట్రిక్ కారు. జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి లోడుతో పోతున్న టిప్పర్ నుంచి రాయి ఎగిరి దాని వెనక ఎడమ తలుపు అద్దానికి తగిలింది. తలుపు లోపలి అట్ట ఊడదీసి, అడుగున పోగైన రవ్వల్ని డబ్బాలోకి దులుపుతున్నాను. ఆ అద్దం బిగించింది మా మస్తాన్ బాబాయ్. ఆయన చేత్తో బిగించిన ఆఖరి అద్దం అదే.

బాబాయ్ అన్నానే గానీ ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. షాపు ఆయనది. డిగ్రీ చదివి, ఇంట్లో కూర్చుని అమ్మ చేత చీవాట్లు తింటున్న రోజుల్లో, ఫోన్లు ఎత్తడానికి మనిషి కావాలంటే జగ్గయ్యపేట నుంచి బస్సెక్కి వచ్చి చేరాను. నెలలోపే మానేస్తానని మా ఇంట్లో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. బాబాయ్ పొట్టిగా, గళ్ళ లుంగీలో, నోట్లో ఎప్పుడూ ఒక లవంగంతో ఉండేవాడు. మెల్లగా నేనూ అద్దాల పనిలోకి దిగాను గానీ, ఆయన నాకు పెద్దగా పాఠాలేం చెప్పలేదు. కంపెనీవాళ్ళు పంపే వీడియోలు నాకంటే ఆలస్యంగా అర్థమయ్యేవి ఆయనకు, నన్నే రెండోసారి పెట్టమనేవాడు. కొత్త కార్ల సంగతి వస్తే, "ఇదేందమ్మాయ్, తలుపుకి పిడే లేదు, మనిషి లోపలికెట్టా పోవాలి?" అని నవ్వేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవి రెండే. ఒకటి పట్టుకున్నాను, ఒకటి వదిలేశాను.

పట్టుకున్నది పిండిముద్ద. బాబాయ్‌కి షుగర్. డాక్టరు మధ్యాహ్నం అన్నం మానేసి చపాతీ తినమన్నప్పటి నుంచి నూర్జహాన్ పిన్ని పొద్దున్నే గోధుమపిండి కలిపేది. ఒకరోజు ఇంట్లో గాజుగ్లాసు పగిలితే, కంటికి కనపడని ముక్కల్ని ఆవిడ పిండిముద్దతో అద్ది తీసిందట. అది చూసి బాబాయ్, "నాకూ ఒక ముద్ద క్యారేజీలో పెట్టు" అన్నాడట. అప్పటి నుంచి రోజూ చపాతీల గిన్నె మీద నిమ్మకాయంత పిండిముద్ద షాపుకొచ్చేది. దుమ్ము లాగే మిషను పెట్టి సీట్లూ కిందా అంతా లాగేశాక కూడా, కొత్త అద్దం ఎక్కించేముందు బాబాయ్ ఆ ముద్దతో సీటు కుట్ల మధ్య, మ్యాట్ల కింద, బెల్టు సందుల్లో అద్దుకుంటూ పోయేవాడు. మిషనుకు దొరకనివి ముద్దకు అంటుకుని తళుక్కుమనేవి. ఆ ముద్దను ఊరికే పారేసేవాడు కాదు. ఏ కుక్కో కోడో తింటుందని కాగితంలో చుట్టి షాపు వెనక గోతిలో పూడ్చేవాడు. మొదట్లో నాకు ఇది చాదస్తంగా అనిపించేది. కార్ల షాపులో పిండి పిసకడమేంటని మా స్నేహితురాళ్ళకు చెప్పుకుని నవ్వాను కూడా.

ఒకసారి ఊళ్ళో పేరున్న కాంట్రాక్టరు ఒకాయన పెళ్ళికి టైమైపోతోందని కుర్చీలోంచి లేచి కేకలేశాడు. బాబాయ్ అప్పటికి వెనక సీటు కింద తల దూర్చి ఉన్నాడు.

"ఏందయ్యా మస్తాన్, కారు అలికి ముగ్గేస్తావా ఏంది? అద్దం బిగించి పంపించు."

"అయిపోయిందండి, ఒక్క నిమిషం. మీ ఆవిడగారు పట్టుచీర కట్టుకుని కూర్చుంటారుగా. రవ్వ గుచ్చుకుంటే తిట్లు మీకే."

కాంట్రాక్టరు కాసేపు మొహం మాడ్చుకుని, తర్వాత తానే నవ్వేసి కూర్చున్నాడు. బాబాయ్ తీరు అంతే, ఎవరితోనూ తగువు పడడు, చేసే పని మాత్రం ఆపడు. నాకు అంత ఓపిక లేదు. నేనైతే ఆ కాంట్రాక్టరుకు నాలుగు మాటలు అంటించి ఉండేదాన్ని.

ఇక నేను వదిలేసింది చెప్పుల సంగతి. బాబాయ్ ఎవరి కారెక్కినా చెప్పులు బయట విడిచే ఎక్కేవాడు. లోపల కోళ్ళ గంపలు మోసి కంపుకొట్టే జీపైనా సరే. "ఇంకోళ్ళ ఇంట్లోకి చెప్పులతో పోతామా? ఇదీ అంతేగా" అనేవాడు. గాజు పనిచేసేవాడు వట్టికాళ్ళతో తిరగడమేంటని పిన్ని దెబ్బలాడేది, నేనూ దెబ్బలాడాను. బూట్లు కొనిచ్చాను. అవి అట్టపెట్టెలోనే ఉండిపోయాయి.

ఆ తెల్ల కారు మొదటిసారి మా ఎదురుగా ఆగింది అద్దం కోసం కాదు. మా పక్క హోటల్లో టిఫిన్ చేయడానికి. ఎండ మండిపోతున్న ఏప్రిల్. హైదరాబాద్ నుంచి విజయవాడ పోతున్న భార్యాభర్తలు, నిద్రపోతున్న రెండేళ్ళ బాబు. వాడిని ఎత్తుకుందామని తల్లి ఇటు నుంచి అటు తిరిగి వచ్చేలోపు కారు లాకైపోయింది. తాళం లోపలి బ్యాగులో ఉంది. కారు నడిపే పెద్ద బ్యాటరీ నిండుగానే ఉందట, తలుపులు తెరిచే చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. బయటి పిడులు తలుపుల్లోకి ముడుచుకుపోయి ఉన్నాయి. ఏసీ ఆగిపోయింది. బాబు లేచి ఏడుస్తున్నాడు గానీ ఏడుపు బయటికి వినపడటం లేదు, నోరు తెరుచుకోవడం మాత్రం కనపడుతోంది. తండ్రి రాయి తీసుకుని బాబు పక్కనున్న అద్దాన్నే కొట్టబోయాడు. తల్లి అరుపులు విని మేము పరుగెత్తాం.

"అటు కాదయ్యా, పిల్లోడి మీద పడతాయి!" అని బాబాయ్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, ఇటు ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. జేబులోంచి మొన ఉన్న చిన్న పనిముట్టు తీసి అద్దం మూలన ఆనించి ఒక్క నొక్కు నొక్కాడు. అద్దం మొత్తం జలజలా లోపలికి రాలింది. చెయ్యి లోపలికి పోనిచ్చి, బ్యాటరీతో పనిలేని లోపలి మీట లాగి తలుపు తీశాడు. ఎక్కి, బెల్టు విప్పి, బాబును ఎత్తుకుని బయటికి వచ్చి తల్లి చేతుల్లో పెట్టాడు. ఆవిడ కూలబడిపోయింది. వాడి ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి ఉంది గానీ, నీళ్ళు తాగించగానే గుక్కపెట్టి ఏడ్చాడు. అంత మంచి ఏడుపు నేను మళ్ళీ వినలేదు. తండ్రి బాబాయ్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. అప్పుడు చూశాను నేను. కారు పక్కన నేల మీద బాబాయ్ చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ప్రాణం మీదికొచ్చిన ఆ తొందరలో కూడా వాటిని విడిచే ఎక్కాడు. గాజు రవ్వలతో నిండిపోయిన కారులోకి, వట్టికాళ్ళతో.

"కాళ్ళు చూపించు బాబాయ్" అన్నాను.

"ఏం కాలేదమ్మాయ్. నొప్పి లేదు." పాదాలు దులుపుకుని చెప్పులేసుకున్నాడు. "ఇన్నాళ్ళూ బిగించా గానీ బాగున్న అద్దాన్ని పగలగొట్టడం ఇదే. ఒక టీ చెప్పు."

నొప్పి లేదన్నది నిజమే. షుగర్ వల్ల ఆయన పాదాలకు స్పర్శ ఎప్పుడో పోయింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఆయనకే తెలియదు.

కొత్త అద్దం తెప్పించడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ కారు మళ్ళీ వచ్చినరోజు బాబాయ్ కాలికి మేజోడు వేసుకుని ఉన్నాడు. ఎందుకని అడిగితే చెప్పు కరిచిందన్నాడు. పని నేను చేస్తానంటే ఒప్పుకోలేదు, పగలగొట్టినవాడినే బిగించనీమన్నాడు. మేజోడుతోనే కారెక్కి, ఆ రోజు పిండిముద్దతో ఎంతసేపు వెతికాడో! బాబు కూర్చునే సీటు కింద వేళ్ళు పోనిచ్చి తడుముతూ, "పసోడు తిరిగే చోటమ్మా, ఒక్కటి కూడా ఉండకూడదు" అన్నాడు. ఒక్కటి కూడా ఉంచలేదు. ఉన్న ఒక్కటీ ఆయన అరికాల్లో, చర్మం కింద, అప్పటికే చీము పట్టి ఉంది.

రెండు రోజులకు ఆ మేజోడు కాలికి అతుక్కుపోయి ఊడిరాకపోతే పిన్ని చూసింది. నందిగామ ఆస్పత్రిలో చూసి విజయవాడ తీసుకెళ్ళమన్నారు. అక్కడ తీసిన రవ్వను నర్సు స్టీలు పళ్ళెంలో చూపించింది. కల్లుప్పు బెడ్డంత కూడా లేదు. నా జన్మలో దేన్నీ అంతగా అసహ్యించుకోలేదు. ముందు వేళ్ళు తీశారు, తర్వాత పాదం తీశారు. నేను మంచం పక్కన కూర్చుని కోపమో ఏడుపో తెలియని గొంతుతో, "ఊళ్ళో కార్లన్నిట్లో ఏరావు, నీ కాల్లోది ఏరుకోలేకపోయావా బాబాయ్?" అన్నాను.

"నా కాలు కారు కాదుగా అమ్మాయ్" అని నవ్వాడు.

అప్పుడే నా ఫోన్ మోగింది. ఆ కారాయన. అద్దం బాగుందనీ, బాబు హుషారుగా ఉన్నాడనీ, మస్తాన్ గారికి చెప్పమనీ అన్నాడు. నేను నోరు తెరవబోతుంటే బాబాయ్ మంచం మీద నుంచే వద్దని చెయ్యి ఊపాడు. ఫోన్ పెట్టేశాక నేను ఊరుకోలేదు.

"చెప్పాలి బాబాయ్. తెలియొద్దా వాళ్ళకి?"

"తెలిసి ఏం చేస్తారు? ఆ పిల్లోడు నవ్వినప్పుడల్లా వాళ్ళమ్మకి నా కాలు గుర్తురావాలా? ఒట్టెయ్, చెప్పనని."

"నేను వెయ్యను."

"మొండిదానివి. సరే, నేను పోయాక నీ ఇష్టం."

నేను ఆ మాటకు కసిరాను. కానీ విషం రక్తంలోకి పాకింది. తొలకరి పడకముందే ఆయన పోయాడు. జనాజా లేచేటప్పుడు వాకిట్లో ఆ చెప్పుల జత అలాగే ఉంది. ఎవరో పక్కకు జరిపితే పిన్ని తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టింది. ఇప్పుడు షాపు పిన్నీ నేనూ నడుపుతున్నాం. లోపల పనిచేసేవాళ్ళు ఎవరైనా సరే మందంగా ఉండే బూట్లు వేసుకోవాలి, అది నేను పెట్టిన నియమం. పిండిముద్ద మాత్రం ఆగలేదు. ఇంట్లో చపాతీలు తినేవాళ్ళు లేకపోయినా, ఒక్క ముద్ద కోసం పిన్ని రోజూ పిండి కలుపుతుంది.

మొన్న వేసవిలో ఆ ఉదయం, టిప్పర్ రాయి తగిలిన ఆ తెల్ల కారు దిగిన తండ్రి లోపలికి చూస్తూ మొదట అడిగిన మాట, "మస్తాన్ గారు లేరా అండి?" బాబు ఆయన వేలు పట్టుకుని ఉన్నాడు, ఇప్పుడు బడికి పోయే వయసు. పిన్ని చేతిలో పిండిముద్దతో గుమ్మంలో ఉంది. తన మాట ఇక నన్ను కట్టెయ్యదని బాబాయ్ తానే చెప్పి పోయాడు. చెప్పేయాలని నా నాలుక చివరి దాకా వచ్చింది. మా మనిషి ఎందుకు పోయాడో ఈ లోకంలో మేమిద్దరం కాక ఇంకొకళ్ళకైనా తెలియాలనిపించింది. పిన్ని వైపు చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు, బాబును చూస్తోంది. "ఎండన పడి వచ్చావా నాన్నా, మంచినీళ్ళు తాగుతావా?" అని అడుగుతోంది.

"పోయారండి" అన్నాను. "షుగరు."

ఆయన మొహం వాడిపోయింది. "అయ్యో, మా వాడిని ఒకసారి చూపిద్దామనుకున్నా" అన్నాడు. నేను తల ఊపి పనిలోకి వంగాను. బాబాయ్ అద్దం మొత్తం డబ్బాలోకి చేరింది. మిషను పెట్టాను, పిండిముద్దతో అద్దాను, కొత్త అద్దం ఎక్కించి పైకీ కిందికీ నడిపి చూశాను. అంతా అయ్యాక ఇంకొకసారి ముద్ద తీసుకుని వెనక అంతా తడిమాను. ఈలోపు బాబు చెప్పులు ఎక్కడో వదిలేసి, వట్టికాళ్ళతో కారు ఎక్కేశాడు. ముద్ద పక్కన పెట్టేశాను.

"ఆగు నాన్నా, కాళ్ళు చూపించు."

వాడు సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నా ఒళ్ళో పెట్టాడు. వెలుతురుకు తిప్పి, అరికాళ్ళ మీద వేలితో మెల్లగా రాసి చూశాను, ఒకటి, తర్వాత రెండోది. ఏమీ లేదు. వాడు మెలికలు తిరిగిపోతూ, "అమ్మో, చక్కిలిగిలి! చక్కిలిగిలి ఆంటీ!" అని పకపకా నవ్వుతూ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఆ నవ్వు విని గుమ్మంలో పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కారు వెళ్ళిపోయాక ముద్దను కాగితంలో చుట్టాను. షాపు వెనక్కి వెళ్ళి, బాబాయ్ తవ్విన ఆ గోతిలోనే పూడ్చాను.