అమ్మాయి ముఖం, నాన్న షాపు

మా అమ్మాయి ముఖం పాడుచేసింది నేనే. ఎవరూ అడగకముందే ఈ మాట చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు తేలిక. అశోక్‌నగర్‌లో హాస్టళ్ల మధ్య చాలా ఏళ్లుగా నాకు మందుల షాపు ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు తలనొప్పికీ, గ్యాసుకూ, నిద్ర పట్టకపోవడానికీ నా దగ్గరికే వస్తారు. డాక్టరు దగ్గరికి పోయే తీరిక వాళ్లకు లేదు, పొమ్మని చెప్పే ఓపిక నాకు లేదు. అట్లా ఆ గల్లీకి నేను సగం డాక్టరునైపోయాను. ఆ హోదా నాకు భలే నచ్చేది కూడా.

ఇల్లు చిక్కడపల్లిలో. నా భార్య ప్రభుత్వ టీచరు, ఆదిలాబాద్ వైపు పోస్టింగు. సోమవారం తెల్లవారుజామున బస్సెక్కితే మళ్లీ శనివారం సాయంత్రమే రావడం. మిగతా రోజులన్నీ నేనూ అమ్మాయీ. ఆరో తరగతి నుంచీ తను బడి అయిపోగానే తిన్నగా షాపుకు వచ్చేది. నా పక్కనే కౌంటరు వెనుక కూర్చుని హోంవర్కు చేసుకునేది, డాక్టర్ల రాత నాకంటే ముందు చదివేది, రోజంతా జరిగిన కబుర్లన్నీ చెప్పేది. నేను గిరాకీ చూసుకుంటూ సగం వినేవాణ్ణి. "ఊఁ కొట్టు నాన్నా, గోడకు చెప్తున్ననా ఏంది?" అని కసిరేది. ఆ కసురు మళ్లీ వినాలని ఎంత ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

నారాయణగూడలో ఇంటర్‌లో చేరాక తన తిండి పూర్తిగా బయటికి పోయింది. పొద్దున బండి మీద దోసె, మధ్యాహ్నం క్యాంటీన్‌లో పఫ్ఫు, కూల్‌డ్రింకు, సాయంత్రం మిర్చి బజ్జీ, రాత్రికి నూడుల్స్. నాకు పొయ్యి వెలిగించే పని తప్పింది కదా, నేనూ సంతోషంగానే ఉన్నాను. పదహారో ఏడు వచ్చేసరికి నుదురంతా, చెంపలంతా మొటిమలు. అద్దం ముందు నిలబడటం మానేసింది. ఒక సాయంత్రం షాపులో, "కాలేజీల పార్టీ ఉంది నాన్నా, ముఖానికి ఏమన్న ఇయ్యి," అంది. నేను షెల్ఫులోంచి ఒక ట్యూబు తీసి ఇచ్చాను. తెల్లబడాలని, నున్నబడాలని ఆడపిల్లలు పేరు పెట్టి మరీ అడిగే క్రీమే. అందులో స్టెరాయిడ్ ఉంటుందని, అలవాటై మానేస్తే చర్మం చెడుతుందని నాకు తెలుసు. నా బిడ్డకు మాత్రం ఏమవుతుందిలే అనుకున్నాను.

పది రోజుల్లో ముఖం ఒలిచిన బాదంపప్పులా తయారైంది. నేను పొంగిపోయి, అది అయిపోగానే ఇంకోటి ఇచ్చాను. తర్వాత ఇంకోటి. మూడో ట్యూబు అయిపోయాక పరీక్షల హడావిడిలో తను పూసుకోవడం మరిచిపోయింది. వారం తిరక్కుండానే చెంపలు ఎర్రగా కందిపోయి, ఎండ తగిలితే మండిపోయి, ముఖమంతా సన్నటి పొక్కులు లేచాయి. నల్లకుంటలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఈ క్రీం ఎవరు రాసిండ్రు?" అని అడిగిందావిడ. అమ్మాయి తల వంచుకుంది.

"నేనే ఇచ్చిన మేడం. నాది మందుల షాపు."

"అందరికన్న మీకే తెల్వాలె గదండి," అంది డాక్టరమ్మ. తగ్గడానికి నెలలు పడతాయని, తను రాసినవి తప్ప ముఖానికి ఇంకేమీ పూయొద్దని, తిండీ నిద్రా దారిలో పెట్టుకొమ్మని చెప్పి పంపించింది.

ఆ రోజు నుంచి అమ్మాయి షాపుకు రావడం మానేసింది. కాలేజీ నుంచి ముఖానికి చున్నీ చుట్టుకుని నేరుగా ఇంటికే. కోప్పడలేదు, ఏడవలేదు. నన్ను ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేది.

నాకేమో దేనికీ నిదానం లేదు. మర్నాడే ఇంట్లో ఉన్న నూడుల్స్, చిప్స్, బిస్కట్లు, కూల్‌డ్రింకు సీసాలు, చివరికి షాంపూతో సహా మూటగట్టి చెత్తబండిలో వేశాను. గ్లాసు నిండా రాగిజావ కాచి తన ఎదురుగా పెట్టి, తాగేదాకా కదలనన్నట్టు నిలబడ్డాను. రెండు గుక్కలు తాగి లేచి వెళ్లిపోయింది. మూడు రోజులు స్నేహితురాలి ఇంట్లోనే తినొచ్చింది. శనివారం నా భార్య వచ్చి వంటగది అరలు తెరిచి చూసింది.

"ఇల్లు దోచుకపోయినట్టుంది. ఏం చేసిండ్రు?"

చెప్పాను. ముందు నవ్వింది. తర్వాత తిట్టింది. "మూడు నెలలు పట్టింది చెడగొట్టనీకి. బాగుచేసుడు మూడు రోజుల్లనే అయితదా? వారానికి ఒక్కటి మార్చండి. ఏది మార్చాల్నో అది చెప్తది, మీరు గాదు."

పారేసినవన్నీ తిరిగి కొన్నాం. అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం మా ముగ్గురికీ ఒక పంచాయితీ. మొదటి వారం అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "బజ్జీలు బంద్ పెడ్త. గని గురువారం ఒక్కరోజు తింట," అంది. మిగతా రోజులకు ఉడకబెట్టిన పల్లీల్లో ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మరసం. రెండో వారం కూల్‌డ్రింకు పోయి సీసాలో జీలకర్ర వేసిన మజ్జిగ వచ్చింది. ఆ తర్వాత వారం పొద్దుటి దోసెకు బదులు ఇంట్లోనే పెసరట్టు. నూడుల్స్ జోలికి మాత్రం పోనివ్వలేదు. నేను నోరు విప్పబోతే నా భార్య కళ్లతోనే నన్ను ఆపేది.

రాత్రిపూట నూడుల్స్‌తో పాటు ఒక జొన్నరొట్టె తింటానని తనే ఒప్పుకున్న వారం నాకు పని పడింది. రాంనగర్‌లో రోడ్డు పక్కన రొట్టెలు చేసే ఆమె దగ్గర నిలబడి నేర్చుకున్నాను. "కొట్టుడు గాదన్నా, తట్టుడు," అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా నా చేతికి ఎక్కలేదు. ఇంటికొచ్చి చేస్తే ఒక్కటీ గుండ్రంగా రాదు, అంచులన్నీ చీలికలే. అమ్మాయి గది తలుపు దగ్గర నిలబడి చూసి, "జిల్లా మ్యాప్ లెక్క ఉంది," అంది. నెలరోజుల తర్వాత తనంతట తను నాతో అన్న మొదటి మాట అది.

"ఏ జిల్లా?" అన్నాను.

"ఆదిలాబాద్."

ఇద్దరం నవ్వాం. ఆ వెంటనే ఇద్దరికీ వాళ్లమ్మ గుర్తుకొచ్చింది. ఆ రాత్రి తను ఆ రొట్టెను పూర్తిగా తింది.

షాంపూ మానేద్దామన్నది కూడా తనే. నేను కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి ఇచ్చేవాణ్ణి. కళ్లలో నురగ పడితే బాత్రూంలోంచి నన్నే తిట్టేది. ఆ తిట్లకు నా ప్రాణం లేచి వచ్చేది. అదే ఊపులో ఒక ఆదివారం మా అమ్మ చేసినట్టు సున్నిపిండిలో పసుపు, నిమ్మరసం కలిపి, ముఖానికి పూసుకొమ్మని గిన్నె తెచ్చాను. తను గిన్నె అందుకోలేదు. "డాక్టర్ ఏం పూయొద్దన్నది నాన్నా. నువ్వు మళ్ల సురూ చెయ్యకు," అంది. వెళ్లి ఆ గిన్నె కడిగేశాను.

చలికాలం వెళ్లేసరికి ముఖం నెమ్మదించింది. మచ్చలున్నాయి కానీ మంట లేదు. చున్నీ విప్పి నడుస్తోంది. ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా షాపుకు వచ్చింది. నేను గబగబా కౌంటరు మీది పెట్టెలు జరిపి తన బ్యాగుకు చోటు చేశాను. లెక్చరర్ మీద ఏదో కబురు మొదలుపెట్టింది. ఈసారి నేను ప్రతి మాటకూ ఊఁ కొడుతున్నాను.

అంతలో ఒక హాస్టలమ్మాయి వచ్చి ఆ క్రీము పేరు చెప్పింది. నా చెయ్యి నన్ను అడగలేదు. షెల్ఫు వైపు పోయింది, ట్యూబు తీసింది, కవర్లో వేసి ఇచ్చింది. ఆ పిల్ల వెళ్లిపోయాక తిరిగి చూస్తే మా అమ్మాయి నా చేతి వైపే చూస్తోంది. చెబుతున్న కబురు మధ్యలోనే ఆపేసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

నేను ఇంటికి వెళ్లేసరికి తినేసి కంచం కడుగుతోంది. "నా ఒక్కదాని ముఖమే ముఖమా నాన్నా?" అంది వెనక్కి తిరగకుండా.

మర్నాడు పొద్దున్నే షాపులో ఉన్న ట్యూబులన్నీ ఏరి ఏజెన్సీకి తిప్పి పంపాను. అడిగిన వాళ్లకు డాక్టరు చీటీ ఉంటే తప్ప ఇవ్వనన్నాను. కొందరు వాదించారు, కొందరి మీద నేనే అరిచాను. పక్క గల్లీలో దొరుకుతుందని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ సంగతి నా భార్యకు మాత్రమే చెప్పాను. అమ్మాయికి ఎట్లా చెప్పాలి? చెడ్డపని మానేశాను, నన్ను మెచ్చుకో అని అడిగినట్టు ఉంటుంది. కోపం తగ్గితే తనే వస్తుందిలే అనుకున్నాను.

రాలేదు. ఇంట్లో బాగానే ఉండేది, కలిసే తినేవాళ్లం. శనివారం పంచాయితీలో నా టీలో చక్కెర కూడా తగ్గించింది. నూడుల్స్ ఎప్పుడు మానేసిందో మాకే తెలియలేదు. షాపు వైపు మాత్రం అడుగు పెట్టలేదు. ఇంటర్ అయిపోయి, వరంగల్‌లో సీటొచ్చి, పల్లీల డబ్బా, కొబ్బరినూనె సీసా తనే సర్దుకుని హాస్టల్‌కు వెళ్లిపోయింది. కాలేజీలు వదిలే వేళ అశోక్‌నగర్ రోడ్డంతా ఆడపిల్లలే. రోజూ ఆ వేళకు నా మెడ దానంతట అదే రోడ్డు వైపు తిరుగుతుంది. తను ఊళ్లోనే లేదని తెలిసీ చూస్తాను. పక్కన కూర్చుని ఏదో ఒకటి వాగుతూ ఉంటే చాలునని ఉంటుంది. కూతురు దూరమైందన్న బాధ కంటే ఆ కబురు సగంలో ఆగిపోయిందన్న బాధే నాకు ఎక్కువ.

పోయిన వారం ముఖానికి చున్నీ కట్టుకున్న ఒకమ్మాయి వచ్చింది.

"అన్నా, ఆ క్రీం ఇయ్యని షాపు ఇదేనా?"

ఇన్నేళ్లలో ఇట్లా అడిగిన వాళ్లు లేరు. "ఎవరు చెప్పిండ్రమ్మా?" అన్నాను.

"మా చెల్లె, మీ అమ్మాయి వరంగల్‌ల ఒకటే రూమ్. నా ముఖం సంగతి మా చెల్లె చెప్తే మీ అమ్మాయే, మా నాన్న షాపుకు పొమ్మను, తిడ్తడు గని మంచి డాక్టర్ను చెప్తడు అన్నదట." చున్నీ దించింది. అవే కందిన చెంపలు. నేను తిట్టలేదు. నల్లకుంట డాక్టరమ్మ అడ్రసు చీటీ మీద రాసి ఇచ్చాను.

ఆ పిల్ల మెట్లు దిగగానే మా అమ్మాయికి ఫోన్ చేశాను. తిన్నావా అంటే తిన్నానంది. నువ్వు తిన్నావా అని అడిగింది. ఆ అమ్మాయి వచ్చి వెళ్లిందని చెబితే, "అవునా, మంచిగైంది," అంది. ఇంక ఫోన్ పెట్టేస్తుందేమోనని భయం వేసి, రెండేళ్లుగా మింగుతున్న మాట ఒక్కసారిగా అనేశాను.

"నువ్వు షాపుకు రాక రెండేండ్లాయె బిడ్డా. ఇంక కోపం పోలేదా?"



"క్రీం అమ్ముడు బంద్ పెట్టినవని అమ్మ అప్పుడే చెప్పింది. కోపం ఆ వారంలనే పోయింది నాన్నా. నువ్వు రమ్మంటవేమోనని చూసిన," అంది.