సగటు చెట్టు పక్కతోటలో దొరికింది

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు కూడా ఉన్నాయంటే నేను నమ్మేదాన్ని కాదు. స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ ఫస్ట్‌క్లాసులో పాసై, ఉద్యోగం వచ్చేలోపు ఆగిరిపల్లి దగ్గర మా బాబాయి మామిడితోటలో మకాం పెట్టాను. వేరియన్స్ అంటే ఏమిటని నిద్రలో లేపి అడిగినా "వర్గాల సగటులోంచి సగటు వర్గం తీసెయ్యాలి" అని అప్పజెప్పేదాన్ని. (తీసేస్తే మిగిలేది ఏమిటని మాత్రం ఎవరూ అడగలేదు. పరీక్షలో రాలేదు కాబట్టి నేనూ అడగలేదు.) చదువుకున్న పిల్ల ఇంట్లో ఉండగా అంచనాల కోసం ఇంకొకరి దగ్గరికి వెళ్ళడం దేనికని బాబాయికి కాస్త గర్వంగా ఉండేది. ఆ గర్వానికి నేను రోజూ నీళ్ళు పోసేదాన్ని.

ఆ ఏడు తోట విరగబూసింది, వెనకే తేనెమంచు పురుగు దిగింది. దీనికి తోట మొత్తం ఒకే రోజు మందు కొట్టాలి. నాలుగు చెట్లు వదిలేసినా అక్కడి పురుగు మళ్ళీ అన్నిటికీ పాకి పూతంతా మాడిపోతుంది, ఆ ఏడు కాపు పోయినట్టే. ట్రాక్టరుకి స్ప్రేయరు తగిలించుకుని తోటలన్నీ తిరిగే ఆయనను అందరూ పంపు మావయ్య అనేవారు. ఆయన మాకు ఇచ్చింది ఒక్కటే రోజు. మర్నాటి నుంచి వారం పాటు రెడ్డిగూడెం తోటలు ఒప్పుకున్నాడు. ఎన్ని డ్రమ్ముల మందు కలపాలో ముందే తేల్చుకుని హనుమాన్ జంక్షన్ నుంచి సీసాలు తెచ్చుకోవాలి. ఆ తేల్చే పని బాబాయి నాకు అప్పగించాడు.

తోటలో వంద చెట్లు. యాభై పాతవి, కొమ్మ చివర నుంచి కొమ్మ చివరకు పన్నెండు అంగల వెడల్పు. యాభై పిల్లచెట్లు, నాలుగు అంగలు. సగటు ఎనిమిది. ఎనిమిది అంగల చెట్టు ఒకదానికి మందు బదులు నీళ్ళు కొట్టి చూసి, పట్టిన లీటర్లను వందతో గుణిస్తే సరిపోయె. ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి కృష్ణా జిల్లాలో లేదనుకున్నాను. చిక్కల్లా ఒకటే, మా తోటలో ఎనిమిది అంగల చెట్టు ఒక్కటీ లేదు. వెతగ్గా వెతగ్గా పక్కతోట తాతగారి చెట్టొకటి దొరికింది. ఆయనను బతిమాలి దాన్ని తడిపాను. పదహారు లీటర్లు పట్టింది.

"మీ తోట లెక్కకి మా చెట్టెందుకమ్మా?" అన్నాడు తాతగారు.

"అది సగటు చెట్టండీ," అన్నాను.

ఆయన తన చెట్టును కాసేపు జాలిగా చూశాడు. నేను మాత్రం పదహారు వందల లీటర్లు, ఎనిమిది డ్రమ్ములు అని కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీసి, బాబాయి చేతిలో పెట్టాను.

ఆ రోజు పొద్దున్నే పిన్ని తోటలో ప్రార్థన చేసింది. పంపు మావయ్య టోపీ తీసి, కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాక, "ఎన్ని డ్రమ్ములకి తెచ్చారు?" అని అడిగాడు. చెప్పాను.

"చాలదండి అమ్మాయిగారూ. పాత చెట్టొకటి తొమ్మిది పిల్లచెట్ల మందు తాగుద్ది. మొత్తం ఐదొందల పిల్లచెట్ల కింద లెక్కేసుకోవాలి. పది డ్రమ్ములండి."

"వెడల్పు మూడింతలే కదండీ మావయ్యా, తొమ్మిదెలా అవుద్ది?" అని నవ్వాను. (ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నా సిగ్గేస్తుంది.) బాబాయి ఆయన వైపు చూసి, నా వైపు చూసి, నా కాగితం వైపే మొగ్గాడు.

పన్నెండు గంటలకు ఎనిమిదో డ్రమ్ము అడుగంటింది. తోట చివర పదకొండు పాత చెట్లు, మిగతావాటికన్నా బరువైన పూతతో, చుక్క తడి లేకుండా నిలబడి ఉన్నాయి. బాబాయి నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తిట్టినా అంత ఏడుపు వచ్చేది కాదు.

స్కూటీ తీసుకుని హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. దారిపొడవునా లెక్క తిరగేశాను. చెట్టు మందు తాగేది వెడల్పును బట్టి కాదు, వెడల్పు వర్గాన్ని బట్టి. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు, నాలుగు నాలుగులు పదహారు, వాటి సగటు ఎనభై. నేను పట్టుకున్న సగటు చెట్టుది ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు. తేడా పదహారు. ప్రతి చెట్టూ సగటుకి నాలుగు అంగల దూరంలో ఉంది, ఆ నాలుగు వర్గమే ఈ పదహారు. తీసేస్తే మిగిలేది ఇదన్నమాట. పరీక్షలో పది మార్కులు తెచ్చిపెట్టిన వేరియన్స్ మా తోటలో రెండు డ్రమ్ములు. లారీల మధ్య స్కూటీ ఆపి, సీసాలు కొనుక్కుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగాను.

పంపు మావయ్య వెళ్ళిపోయి ఉంటాడనే అనుకున్నాను. ట్రాక్టరు నీడలో కూర్చుని అన్నం తింటున్నాడు.

"వెళ్ళిపోలేదా మావయ్యా?"

"పదకొండు వదిలేస్తే మిగతా ఎనభై తొమ్మిదికీ కొట్టింది దండగ కదమ్మా. ఎండ తగ్గనీండి, కొట్టేసి పోతా."

పొద్దు వాలేలోపు పదకొండూ తడిశాయి. ఆ ఏడు కాపు నిలబడింది.

ఇప్పుడు నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు, "సగటునే వర్గం చేస్తే పోదా మేడమ్?" అంటారు. వాళ్ళను కోప్పడను, తోటలోకి తీసుకెళ్తాను, మాటల్లోనే.

మొన్న పూతకు నిజంగానే వెళ్ళాను. పాతవాటిని కత్తిరించారు, ఆనాటి పిల్లచెట్లు ఎదిగి వాటిని అందుకున్నాయి. ఎటు చూసినా పది అంగలు. పంపు మావయ్య జుట్టంతా నెరిసింది. నన్ను చూసి టోపీ సర్దుకుని, "ఇప్పుడు మీ లెక్క ప్రకారం కొట్టుకోవచ్చండి, సరిగ్గా సరిపోద్ది," అన్నాడు. నిజమే. నా లెక్క తప్పు కాదు, పదిహేనేళ్ళు ముందుగా వేశాను, అంతే. బాబాయి వినకుండా ఆ మాట మావయ్య చెవిలో చెప్పాను.