తోలు నేల తాకేదాకా

దుప్పి తోలు ఒలవడంలో మా పారన్ మామ అంత నిదానస్తుణ్ణి నేను ఈ భూమ్మీద చూడలేదు. అడవికి పోయి, దుప్పిని కొట్టి, కొండ దించి, ఏరు దాటించి ఇంటికి తేవడానికి మాకు ఒక పూట పడితే, దాని ఒంటి మీది తోలు తీయడానికి ఆయనకు ఇంకో పూట పట్టేది. తల్లి కడుపులో ఆ దుప్పికి తోలు పుట్టేటప్పుడు కూడా అంత సేపు పట్టి ఉండదని ఆయన భార్య రూరన్ అత్త అంటుండేది.

అలాగని పనితనానికి వంక పెట్టడానికి లేదు. ఆయన ఒలిచిన తోలు ఎండకు ఎత్తి పట్టుకుంటే చీమ దూరేంత చిల్లు కూడా కనిపించదు. మాంసం మీద ఒక్క వెంట్రుక ఉండదు. అందుకే మా పొడుగింట్లో ఒకే కప్పు కింద బతికే పద్దెనిమిది పొయ్యిల వాళ్ళమూ లోపల తిట్టుకుంటూనే ఆ పని ఆయనకే అప్పజెప్పేవాళ్ళం.

మా ఊరు పా మెరాన్‌లో ఒక కట్టుబాటు ఉంది. దుప్పిని ఇంటి ముందు దూలానికి వెనక కాళ్ళతో వేలాడదీసి కంచు గంట మూడుసార్లు కొడతాం. తోలు పూర్తిగా ఊడి నేల తాకినప్పుడు అక్కడ ఎంతమంది నిలబడి ఉంటే మాంసం అన్ని పోగులు. తుపాకి పేల్చినవాడికైనా, దారిన పోతూ ఆగినవాడికైనా ఒకటే పోగు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు లేదు. అడగడం మర్యాద కాదు. కాబట్టి గంట వినగానే అందరం చేతిలో ఆకులు పట్టుకుని వచ్చి నిలబడేవాళ్ళం. నిలబడి, కూర్చుని, చివరికి పడుకునేవాళ్ళం కూడా.

ఎందుకంటే మొదట మామ కత్తులు నూరాలి. ఆయనకు మూడు కత్తులు. మొదటిది కాళ్ళ దగ్గరికి, రెండోది పొట్ట దగ్గరికి, మూడోది ఆ రెండూ పాడైతే వాడటానికి. అవి ఏనాడూ పాడవలేదు. అయినా మూడూ నూరేవాడు. నూరిన ప్రతిసారీ ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు గీసి పదును చూసుకునేవాడు. ఆ ముంజేయి పసిపిల్లాడి బుగ్గలా నున్నగా ఉండేది. గీయడానికి అక్కడ ఏమీ మిగలకపోతే నా చేయి అడిగేవాడు.

కత్తి పట్టాక పాఠం మొదలయ్యేది.

"ముందు వెనక మోకాలి కింద చుట్టూ ఒక గీత. తోలు మాత్రమే తెగాలి. నరం తెగిందా, దుప్పి జారి మన నెత్తిన పడుద్ది. తర్వాత తొడ లోపలి నుంచి పొట్ట దాకా పొడుగ్గా గీత. కత్తి అంచు పైకుండాలి. ఎందుకు పైకి?"

"తెలుసు మామా! వెంట్రుకలు తెగి మాంసానికి అంటుకోకుండా," అనేవాణ్ణి.

"గట్టిగా చెప్పు. వెనకున్నవాళ్ళకి వినపళ్ళేదు."

వెనకున్నవాళ్ళు గురక పెడుతుండేవారు.

ఆయన కుడిచేయి మాంసాన్ని తప్ప ముట్టేది కాదు. ఎడమచేయి వెంట్రుకలున్న వైపు తప్ప పోయేది కాదు. సరిగ్గా తొడల దగ్గర పనిలో ఉండగా ఆయన ముక్కు దురద పెట్టేది.

"రూరన్! ఇటు రా, నా ముక్కు!"

"ఎడం చేత్తో గోక్కోవయ్యా!" అని పొయ్యి దగ్గర నుంచి అత్త అరిచేది.

"అది వెంట్రుకల చేయి!"

"అయితే కుడి చేత్తో!"

"అది మాంసం చేయి!"

"దేవుడు నీకు ముక్కు చేయి ఇవ్వడం మరిచిపోయాడు," అంటూ అత్త వచ్చి, ఆకలి మీదున్న ముప్పై నలభై మంది చూస్తుండగా, తీరిగ్గా ఆయన ముక్కు గోకి వెళ్ళేది.

ఇక అక్కడి నుంచి కత్తి పక్కన పెట్టి పిడికిలి దూర్చేవాడు. తోలుకీ మాంసానికీ మధ్య పిడికిలితో నెడుతూ పోతే తోలు దానంతటదే వదులుతుందనీ, అక్కడ కత్తి వాడేవాడు చేతకానివాడనీ ఆయన నమ్మకం. జానెడు నెట్టి ఆగేవాడు. నడుం నిమురుకునేవాడు. వరిమళ్ళ వైపు చూస్తూ నిలబడేవాడు. మళ్ళీ జానెడు. భోజనం ముందు మా పాస్టరుగారు చేసే ప్రార్థన మరీ పొడుగని అందరూ గొణుక్కునేవారు కానీ, మామ పని ముందు ఆ ప్రార్థన ఒక తుమ్ము.

ఒకసారి మాత్రం నాకు అనుమానం వచ్చింది. మేమిద్దరమే రెండు రోజుల దూరాన ఉప్పునీటి ఊట దగ్గరికి వేటకు పోయాం. నేనొక దుప్పిని కొట్టాను. అప్పటికే మబ్బు కమ్మింది. ఈ రోజుకి ఇక తిండి లేదనుకుని నేను కట్టెలు ఏరుకొచ్చేసరికి, తోలు మడత పెట్టి ఉంది! మాంసం ఆకుల మీద ఉంది. మామ చేతులు కడుక్కుంటున్నాడు.

"మామా! ఇదెవరు ఒలిచారు?"

"దుప్పే విప్పి ఇచ్చింది. పొయ్యి ముట్టించు, వానొస్తోంది."

"ఇంత తొందరగా ఒలవడం వచ్చి ఇంటి దగ్గర మమ్మల్ని అంతంత సేపు ఎండబెడతావా?"

"ఇంటి దగ్గర వాన రావట్లేదుగా," అన్నాడు.

ఇలా ఉండగా అత్త తమ్ముడు అగాన్ దిగువనున్న కలప శిబిరంలో నాలుగేళ్ళు పనిచేసి ఇంటికి వచ్చాడు. మనిషి మంచివాడే, నిలకడ లేదు. అన్నం నోట్లో పెట్టుకుంటూనే తర్వాతి ముద్ద కలిపే రకం. బావ తోలు ఒలవడం ఒక్కసారి చూశాడు. ఆ పూటకి సగం ప్రాణం పోయిందన్నాడు.

"బావా, శిబిరంలో మేము నలభై మందికి వండుకునే వాళ్ళం. నీలా ఒలిస్తే ఒక్క చెట్టు కూడా పడి ఉండేది కాదు."

"పోనీలే, చెట్లయినా బతికేవి," అన్నాడు మామ, రెండో కత్తి నూరుతూ.

ఆ నెలలోనే ఒక ఉదయం అగాన్ స్వయంగా పెద్ద కొమ్ముల దుప్పిని కొట్టుకొచ్చాడు. నలుగురం మోశాం. గంట మూడుసార్లు కొట్టాం. మామ లేడు. దున్నపోతుల కంచె బాగుచేయడానికి లోయ అవతలికి వెళ్ళాడు. అక్కడి నుంచి రావాలంటే రెండు గంటల నడక పైనే.

"ఆయన కోసం ఆగుదామా?" అన్నాను.

"ఆయన వచ్చేసరికి రెండు గంటలు, వచ్చాక ఒక పూట. అందరూ ఉపవాసాలు మొదలుపెడతారా? కొట్టింది నేను, ఒలిచేదీ నేనే," అని అగాన్ చొక్కా విప్పాడు.

నిజం చెప్పొద్దూ, మాలో ఒక్కరు కూడా వద్దనలేదు. అగాన్ ఒక్క కత్తితో బరబరా గీశాడు. పిడికిలీ లేదు, పాఠమూ లేదు. తోలు రెండు చోట్ల చిల్లులు పడింది. మాంసానికి అక్కడక్కడ వెంట్రుకలు అంటుకున్నాయి. తల దగ్గరికొచ్చేసరికి విసుగొచ్చి, తోలుతో సహా తలకాయ నరికి మొద్దు మీద పెట్టేశాడు. అన్నం ఉడికేలోపు తోలు నేల మీద పడింది. అందరం చప్పట్లు కొట్టాం. మాంసం కోసి, పోగులు పెట్టాక జనం ఎవరి ఆకులో వాళ్ళు చుట్టుకుని లోపలికి పోయారు, నేనూ అగానూ బయటే ఉన్నాం.

అప్పుడు వచ్చింది సీనా బూలాన్ పెద్దమ్మ.

ఆవిడ మొగుడు పోయాక, పొడుగింట్లో మాటల గోలకి నిద్ర పట్టడం లేదని చెప్పి, చిత్తడి నేల అవతల కొండ మొదట్లో గుడిసె వేసుకుని పదకొండు కోళ్ళతో ఉంటోంది. డెబ్బై దాటాయి. మోకాళ్ళు రెండూ పోయాయి. ఒకరు పెట్టింది ముట్టదు. ఒకసారి నా భార్య అరటిపళ్ళు ఇచ్చివస్తే, మర్నాడు పొద్దున మా మెట్ల మీద దానికి రెట్టింపు పళ్ళు ఉన్నాయి. ఆ భయంతో మళ్ళీ ఎవరూ ఆవిడకి ఏమీ ఇవ్వలేదు.

ఆయాసపడుతూ వచ్చి, కర్ర మీద ఆనుకుని, ఖాళీ దూలం వైపు చూసింది. నేల మీది తోలు చూసింది. చేతిలోని ఆకుల్ని మెల్లగా వెనక్కి దాచుకుంది.

"ఈసారి త్వరగా అయిపోయిందే," అంది.

"పెద్దమ్మా, నా పోగులో సగం తీసుకో," అన్నాను.

"నేను దానికోసం వచ్చానని ఎవరన్నారు? ఉప్పు అయిపోయింది, అందుకొచ్చాను."

"అయితే ఉప్పు తెస్తాను, ఆగు."

"ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంకా కొంచెం ఉంది," అని వెనక్కి తిరిగింది. అగాన్ నవ్వు మొహం అప్పుడే మొదటిసారి వాడిపోయింది.

ఆవిడ ఇంకా వరిగట్టు దిగకముందే మామ వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. గంట విని పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. మామ పరుగెత్తగలడని నాకు ఆ రోజే తెలిసింది. చిల్లులకి తిట్లు తినడానికి అగాన్ సిద్ధంగా నిలబడ్డాడు. మామ తోలు వైపే చూడలేదు.

"సీనా బూలాన్ వచ్చిందా?"

"వచ్చి వెళ్ళిపోయింది మామా. ఉప్పు కోసమట."

"ఉప్పు తీసుకెళ్ళిందా?"

"లేదు."

ఆయన మొద్దు పక్కన కూలబడ్డాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"ఆ గుడిసె నుంచి ఇక్కడికి మనకైతే అరగంట. ఆమెకి రెండు గంటలు. గంట వినగానే కోళ్ళని మూసి బయల్దేరుతుంది. నేను తొడలు విప్పేసరికి చిత్తడి నేలలో ఉంటుంది. పక్కటెముకల దగ్గరికొచ్చేసరికి వెదురు వంతెన దగ్గరుంటుంది. వంతెన ఎక్కితే ఇక్కణ్ణుంచి ఆమె టోపీ కనిపిస్తుంది. అప్పుడు మెడ మొదలుపెడతాను."

అగాన్ నోరు తెరిచాడు. "ఇన్నాళ్ళూ ఇందుకా బావా?"

"పన్నెండేళ్ళు."

"ఎవరిచేతనైనా పంపితే పోయేది కదా!"

"పంపితే మనం పెట్టినట్టు. ఇక్కడ నిలబడి తీసుకుంటే అది ఆమె పోగు."

అగాన్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కత్తిని తుడిచిందే తుడుస్తున్నాడు. అంతలో మామ కళ్ళు మొద్దు మీదున్న దుప్పి తలకాయ మీద పడ్డాయి. ఆయన మొహం మెల్లగా వెలిగింది.

"అగాన్! దుప్పికి తల ఉందా?"

"ఉంది బావా."

"తలకి తోలు ఉందా?"

"ఉంది..."

"మరి తోలంతా ఊడిందని పోగులెట్లా పెట్టార్రా? కొట్టు గంట!"

గంట మళ్ళీ మూడుసార్లు మోగింది. జనం విసుక్కుంటూ బయటికొచ్చారు. మా పొడుగింటి పెద్దమనిషి వచ్చి, మొద్దు చుట్టూ రెండుసార్లు తిరిగి, తలకాయని ఒకసారి నిమిరి, "తోలు ఉన్నమాట నిజమే. పోగులు చెల్లవు," అని తేల్చేశాడు. ఆకుల్లో చుట్టుకున్న మాంసమంతా ముక్క ముక్కా వెనక్కి వచ్చింది. రూరన్ అత్త అప్పటికే పొయ్యి మీదకు ఎక్కించేసింది కాబట్టి కుండతో సహా వచ్చింది.

"సగం ఉడికింది. దీన్ని మళ్ళీ పచ్చిది చేసి ఇవ్వమంటావా?" అంది.

"పరవాలేదు, ఆ పోగు నాకు పెట్టండి," అన్నాడు మామ.

వరిగట్టు మీద పెద్దమ్మ ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. మెల్లగా ఇటు నడవడం మొదలుపెట్టింది.

మామ మొదటి కత్తి తీసుకుని నూరాడు. దుప్పి చెవి వెనక గీత పెట్టాడు. నేను చాలా తోళ్ళు చూశాను కానీ దుప్పి కనురెప్పలు ఒలవడం అదే మొదటిసారి చూడటం. కుడి కనురెప్ప. ఎడమ కనురెప్ప. పై పెదవి. ఈసారి ఎవరూ గురక పెట్టలేదు, ఎవరూ గొణగలేదు. పెద్దమ్మ చివరి గట్టు దగ్గర ఊపిరి కోసం ఆగినప్పుడు అగాన్ గట్టిగా అన్నాడు: "బావా, నీ ముక్కు దురద పెడుతున్నట్టుంది. అందరం కాసేపు ఆగుదాం."

వాడే దగ్గరికొచ్చి చాలాసేపు గోకాడు. మామ ముక్కు ఎర్రబడింది.

పెద్దమ్మ గుంపులోకి వచ్చి నిలబడింది. "ఇందాక అయిపోయిందిగా?"

"వీడికి తెలియదక్కా. కలప శిబిరం దగ్గర దుప్పులకి తలలుండవు కాబోలు," అన్నాడు మామ. కింది పెదవి లాగాడు. తల తోలు జారి నేల మీద పడింది.

పోగులు మళ్ళీ పెట్టారు. ఈసారి రెండు ఎక్కువ, మామది ఒకటి, పెద్దమ్మది ఒకటి. పెద్దమ్మ ముందుకొచ్చి, ఆకు పరిచి, తన పోగు తనే ఎత్తి బుట్టలో పెట్టుకుంది. ఇంకొకరి పోగు కంటే చిన్నదిగా ఉందని కొంచెం పోట్లాడింది కూడా. అగాన్ దానికి ఇంకో ముక్క కలిపాడు. ఆవిడ వద్దనలేదు, పోట్లాడి సాధించుకున్నది కదా.

వంతెన దాకా నేను తోడు వెళ్ళాను. బుట్ట పట్టుకోనివ్వలేదు. వంతెన దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది:

"మీ మామకి వయసైపోయిందిరా. చూశావుగా, ఒక్క తలకాయకి ఎంతసేపో! ఇన్నేళ్ళుగా గమనిస్తున్నాను, నేను ఈ వంతెన దాటి కనిపిస్తే గాని ఆయన చేయి కదలదు. నేనంటే భయం కాబోలు. అందుకే మోకాళ్ళు మొరాయిస్తున్నా వస్తుంటాను. నేను రాకపోతే ఆయన ఆ పని ముగించేదెప్పుడు, మీరంతా తినేదెప్పుడు?"

"నిజమే పెద్దమ్మా," అన్నాను.

"ఈ మాట ఆయనకి చెప్పకు. చిన్నబుచ్చుకుంటాడు," అని కర్ర ముందుకు వేసి వంతెన ఎక్కింది.