రిజిస్టరులో ‘ఎవరి చీర’ అనే గడి

కెన్యా ప్రయాణం విషయంలో నాకు జరిగిన అన్యాయాలను నా డైరీలో ఉన్నవి ఉన్నట్టుగా, తేదీల వారీగా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

ఫిబ్రవరి 9. చేవెళ్లలో మా చర్చి ప్రయాణ కమిటీ ఆరుగురు వాలంటీర్ల పేర్లు చదివింది. పశ్చిమ కెన్యాలోని ఒక పల్లె ప్రసూతి కేంద్రంలో రెండు వారాల సేవ. నా పేరు ఆరోది. పేరు ఎదురుగా నేను చేయవలసిన పని అని రాసినది: ‘ప్రార్థన, పిల్లల పాటలు’. ముప్పై నాలుగేళ్లు పల్లెల్లో కాన్పులు, టీకాలు, తూకాలు చూసిన మనిషికి అప్పగించిన పని అది.

ఫిబ్రవరి 20. ఎల్లో ఫీవర్ టీకాకు మిగతా ఐదుగురికి తేదీ తీసుకున్నారు. నాకు తీసుకోలేదు. అరవై దాటినవారికి ఆ టీకా వేయరని చెప్పారు. ఇది తప్పు. అరవై దాటినవారిని డాక్టరు పరీక్షించి, వేయవచ్చునో లేదో నిర్ణయించాలన్నది నియమం. నేనే నగరానికి వెళ్లి, పరీక్ష చేయించుకొని, మార్చి 5న టీకా వేయించుకున్నాను. పసుపు పచ్చ కార్డు నా దగ్గర ఉన్నది.

మార్చి 8. సామాను తూచే రోజు. నా సంచిలోంచి, పసిబిడ్డలను తూచేందుకు కుట్టించిన నలభై గుడ్డ ఉయ్యాలలను అందరి ముందు బయటికి తీసి, ‘పాత బట్టలు’ అని పేరు పెట్టి, వరండాలో గోనెసంచిలో వేశారు.

మార్చి 11. ఆ ఉయ్యాలలు వదిలిపెట్టడానికి ఒప్పుకోకపోతే నా టికెట్టు వేరేవారికి మార్చవలసి వస్తుందని నోటిమాటగా చెప్పారు. అదే మాట కాగితం మీద రాసి ఇమ్మన్నాను. ఇవ్వలేదు.

ఇందులో మూడు ఈ రోజుకీ అన్యాయాలే. మార్చి 8 నాటి దాని పక్కన మాత్రం తర్వాత ఒక సవరణ రాయవలసి వచ్చింది. ఆ సవరణ ఎందుకు రాశానో వివరించడానికే ఈ వ్యాసం.

పాఠకులకు ముందుగా మా పని సంగతి చెప్పాలి. నేను ఏఎన్‌ఎంగా పనిచేశాను. ఏఎన్‌ఎం అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద ఉండే ఉపకేంద్రంలో పనిచేసే నర్సు. నాలుగైదు ఊళ్లు ఒక్కరి మీద ఉంటాయి. పైన సూపర్‌వైజర్, ఆమె పైన మెడికల్ ఆఫీసర్. 1991 జూన్‌లో నాకు మొయినాబాద్ మండలంలో పోస్టింగు ఇచ్చారు. కనకమామిడి నా ఊళ్లలో ఒకటి. అప్పట్లో కాన్పులు చాలావరకు ఇళ్లలోనే మంత్రసాని చేతుల మీద జరిగేవి. కబురు అందగానే వెళ్లి, బిడ్డను తూచి, రిజిస్టరులో రాయడం నా విధి. రెండున్నర కిలోలకు తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ అని గుర్తు పెట్టి, తల్లినీ బిడ్డనూ దవాఖానకు పంపించాలి.

దీనికి ప్రభుత్వం ఒక స్ప్రింగు కాంటా, ఒక నైలాన్ సంచి ఇచ్చింది. కాంటాను దూలానికి వేలాడదీసి, కొక్కేనికి సంచి తగిలించి, అందులో బిడ్డను పెట్టాలి. కాంటాతో ఇబ్బంది లేదు. సంచితోనే వచ్చింది చిక్కు. ఏ ఇంట్లోనూ ఆ సంచిలో పసిబిడ్డను పెట్టనివ్వలేదు. మనుషులను తూస్తే దిష్టి తగులుతుందన్నారు. ఎవరెవరి పిల్లలనో కూర్చోబెట్టిన సంచి అన్నారు. రోజూ ప్రార్థన చేసుకునే మా వాళ్ల ఇళ్లలో కూడా ఇదే మాట.

నేను రిజిస్టరులో ‘నిరాకరించారు’ అని రాస్తూ పోయాను. నెలవారీ సమావేశంలో మెడికల్ ఆఫీసర్ గారు నా రిజిస్టరు చూపించి మందలించారు. పక్క ఉపకేంద్రాల రిజిస్టర్లలో తూకాలన్నీ నిండుగా ఉన్నాయి. అందరు పిల్లలూ రెండు కిలోల ఏడు వందలే. చూపుతో అంచనా కట్టి రాసిన తూకాలని ఆ గదిలో తెలియనివారు లేరు. నిజం రాసినందుకు నాకు మెమో, అబద్ధం రాసినవారికి టీ, బిస్కెట్లు. ఆ మెమో నకలు ఇప్పటికీ నా ఫైలులో ఉన్నది.

ఆ సంవత్సరం ఆగస్టులో కనకమామిడిలో బాలమణి అనే ఇరవై ఏళ్ల అమ్మాయికి తొలికాన్పు అయింది. అత్త ఎల్లవ్వ గడపలోనే నన్ను ఆపింది.

“నా మనుమరాలేమన్న వంకాయలా, కాంటకేసి తూస్తందుకు?”

“బరువు తెలిస్తే మంచిది అవ్వా. తక్కువుంటే దవాఖానకు పంపుతం.”

“ఆ సంచి ఎవలది? ఎందరు పిల్లలను ఏసినవు దాంట్ల?”

 అప్పుడు నా చూపు బిడ్డ మీద పడింది. మన ఇళ్లలో పుట్టిన బిడ్డకు కొత్త బట్ట వేయరు. ఇంట్లో పెద్దవాళ్లు కట్టి, ఉతికి, మెత్తబడిన పాత బట్టలోనే చుడతారు. మెత్తగా ఉంటుందని ఒకటి, చూసేవాళ్ల కన్ను పడదని ఒకటి. ఆ బిడ్డ ఎల్లవ్వ పాత చీర ముక్కలోనే ఉన్నది.

“సంచి వద్దు అవ్వా. ఇదే చీరల తూస్తే?” అని అడిగాను.

ఎల్లవ్వ గడపలోంచి పక్కకు జరిగింది. “నా చీరల ఉంటే నా ఒడిల ఉన్నట్టే. కానియ్” అన్నది.

చీరలోంచి ఇంకొక ముక్క చించి, నాలుగు మూలలూ ముడివేసి కొక్కేనికి తగిలించాను. ముందు ఖాళీ గుడ్డను వేలాడదీసి, కాంటా ముల్లును సున్నాకు సర్దాలి. గుడ్డ గుడ్డకూ బరువు మారుతుంది కనుక ఈ పని ప్రతిసారీ చేయాలి. తర్వాతే బిడ్డను పెట్టాలి. ముల్లు రెండు కిలోల వంద గ్రాముల దగ్గర ఆగింది. ఎత్తుకొని చూస్తే ఎవరికీ అనుమానం రాని బిడ్డ. చూపుతో రాసే చేయి రెండు కిలోల ఏడు వందలే రాసేది. తల్లి ఎదకు ఆనించి కప్పి, ఆ మధ్యాహ్నమే ఇద్దరినీ చేవెళ్ల దవాఖానకు పంపించాను. ఆ బిడ్డ బతికింది.

అప్పటి నుంచి నా ఊళ్లలో ఇదే పద్ధతి నడిచింది. ఏ ఇంటి బిడ్డకు ఆ ఇంటి చీర. రిజిస్టరులో తూకం పక్కన స్కేలు పెట్టి ఒక గడి గీసి, పైన ‘ఎవరి చీర’ అని రాశాను. నాయనమ్మది, అమ్మమ్మది, పెద్దమ్మది అని నింపేదాన్ని. చీర ఎవరిదో అడిగితే ఆ ఇంటి పెద్దావిడ మాట కలిపేది, మళ్లీ తూకానికి తానే బిడ్డను తెచ్చేది. అనుమతి లేని గడి గీసినందుకు ఇంకొక మెమో వచ్చింది. గడి మాత్రం కొట్టివేయలేదు.

ఇక ఈ సంవత్సరం సంగతి. నా పేరు ఎదురుగా ఏమి రాసినా, ప్రసూతి కేంద్రానికి వెళ్తూ పాటలు పాడి రావడానికి నేను సిద్ధంగా లేను. నాకు తెలిసిన పద్ధతిని తీసుకువెళ్దామనుకున్నాను. బాలమణి ఇప్పుడు మొయినాబాద్‌లో బట్టలు కుడుతుంది. కనకమామిడి, జన్వాడ ఇళ్లు తిరిగి పాత నూలు చీరలు అడిగి తెచ్చాను. ఉడకబెట్టి, ఎండబెట్టి, ఇద్దరం కలిసి నలభై ఉయ్యాలలు కుట్టాం. ఒక్కొక్కదానికి నాలుగు మూలలా పట్టీలు, పట్టీకి రెండు వరుసల కుట్టు. పది కిలోల బియ్యం మూట పెట్టి అన్నింటినీ పరీక్షించాను. రెండింటి పట్టీలు ఊడాయి. మళ్లీ కుట్టించాను.

“సిస్టరమ్మా, గవర్నమెంటు నౌకరి అయిపాయె. ఇంక గీ ఇన్‌స్పెక్షన్ బంద్ చేయవా?” అని బాలమణి నవ్వింది. కుట్టు మాత్రం గట్టిగా వేసింది.

కమిటీ సమన్వయకర్త శామ్యూల్, నలభై ఏళ్లవాడు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. సామాను తూచిన రోజు నా సంచి విప్పి అతను అన్న మాటలు అక్షరం పొల్లు పోకుండా ఇవి:

“ఆంటీ, మనిషికి ఇరవై మూడు కిలోలే అలో చేస్తరు. అండ్ల ఆరు కిలోలు పాత చీరలా? అక్కడోళ్లు ఏమనుకుంటరు? ఇండియా నుంచి పేలికలు తెచ్చిన్రు అనరా?”

“అవి చీరలు కావు నాయనా, పనిముట్లు” అన్నాను.

“ఆంటీ, ప్లీజ్. కొత్త టవల్స్ కొందాం.”

“కొత్త బట్టల పసిబిడ్డను ఎవరేస్తరు? మీ అమ్మనడుగు, నిన్ను దేంట్ల చుట్టిందో.”

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతనికి కోపం వచ్చింది. మూడు రోజులకు టికెట్టు మాట వచ్చింది. టికెట్టు పోతే పోయేది ప్రయాణం ఒక్కటే కాదు. నా ముప్పై నాలుగేళ్ల పని ఇక ఎవరికీ అక్కరకు రాదని నలుగురి ముందు తేల్చినట్టయ్యేది. నేను కమిటీకి ఒక లేఖ రాశాను. ఈ ఉయ్యాలలు కావాలో వద్దో నిర్ణయించవలసినది శామ్యూల్ కాదు, నేనూ కాదు, అక్కడి నర్సు అని. ఆమె వద్దంటే వదిలేస్తానని, కావాలంటే సంచిలో చోటూ టికెట్టూ రెండూ ఖాయం చేయాలని కోరాను. కమిటీ ఒప్పుకున్నది.

మార్చి 15 మధ్యాహ్నం మూడు గంటలకు, అంటే వాళ్లకు పన్నెండున్నరకు, చర్చి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అవతల ఆ కేంద్రం నర్సు, పేరు అకిన్యి, యాభై ఏళ్లు ఉండవచ్చు. నాకు ఉద్యోగానికి సరిపడా ఇంగ్లీషు వచ్చును గాని ఆమె ఉచ్చారణ అందలేదు. శామ్యూలే తెలుగులో చెప్పవలసి వచ్చింది.

నేను ఒక ఉయ్యాలను కెమెరా ముందు పట్టి, కాంటాకు తగిలించి, సున్నా సర్ది, బియ్యం మూట తూచి చూపించాను. అకిన్యి శ్రద్ధగా చూసింది. తర్వాత ఏదో అడిగింది. శామ్యూల్ నా వైపు తిరిగాడు.

“ఆంటీ, ఆ బట్ట ఎవరిది అని అడుగుతున్నది.”

“మా ఊరి ఆడవాళ్లదని చెప్పు.”

చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది.

“బతికున్నోళ్లయా, పోయినోళ్లయా అంటున్నది. అక్కడి తల్లులు గదే అడుగుతరట. ఎవరియో తెల్వని బట్టల బిడ్డను ఎయ్యనియ్యరట.”

అకిన్యి లేచి, బయట బెంచీ మీద కూర్చున్న ఒక గర్భిణిని అడిగి, ఆమె భుజం మీది రంగుల గుడ్డ తెచ్చి చూపించింది. దానిని లెసో అంటారట. కాన్పుకు వచ్చే ప్రతి తల్లీ ఇంటి నుంచి రెండు తెచ్చుకుంటుంది. ఒకటి తనకు, ఒకటి బిడ్డకు.

 శామ్యూల్ గెలిచినట్టు ముఖం పెట్టలేదు, అది నమోదు చేయాలి. ఎల్లవ్వ గడపలో నన్ను అడిగిన ప్రశ్ననే, ముప్పై ఏళ్లకు పైగా గడిచాక, ఇంకొక దేశపు నర్సు అడిగింది. ఎల్లవ్వ వద్దన్న నైలాన్ సంచికీ నేను కుట్టించిన నలభైకీ తేడా లేదు. రెండూ పరాయి ఇంటివే. నా రిజిస్టరులో ‘ఎవరి చీర’ గడి పేజీల కొద్దీ ఉన్నది. ఒక ఇంటి బిడ్డను ఇంకొక ఇంటి చీరలో తూచినట్టు ఒక్క వరుసలోనూ లేదు. ఆ గడి గీసిన దాన్ని నేనే, అది మరచినదాన్నీ నేనే.

“వద్దని చెప్పు. ఆమె చెప్పిందే సరి” అన్నాను.

కాని అకిన్యి కాల్ ముగించలేదు. సున్నా సర్దడం మళ్లీ చూపించమన్నది. వాళ్ల కాంటా ముల్లు బిగుసుకుపోయి సున్నాకు రావడం లేదట. అది అదనంగా చూపే బరువును కాగితం మీద తీసివేస్తుంటే తప్పులు దొర్లుతున్నాయట. కాన్పుకు వచ్చిన తల్లులు మళ్లీ తూకానికి రావడం లేదట. మీరు ఎట్లా రప్పించేవారని అడిగింది. గడి సంగతి చెప్పాను. లెసో ఎవరు ఇచ్చారో అడిగి రాయమన్నాను, ఇచ్చిన ఆ పెద్దావిడ పేరు చెప్పి కబురు పంపమన్నాను. ఆమె పెన్ను తీసుకొని రాసుకున్నది. చివరగా ఒక ప్రశ్న శామ్యూల్‌నే అడిగింది. అతను తెలుగులో చెప్పకుండా నేరుగా ఇంగ్లీషులో జవాబిచ్చాడు. ఏమి అడిగిందని నేను గట్టిగా అడగవలసి వచ్చింది.

“ఈ అమ్మ వస్తున్నది కదా అని అడిగింది ఆంటీ. వస్తున్నరు అని చెప్పిన.”

ఆ సమావేశపు నిర్ణయాల పుస్తకంలో నా పని ‘నవజాత శిశువుల తూకం, రిజిస్టరు శిక్షణ’ అని మార్చి రాయించాను. శామ్యూల్ సంతకం చేశాడు. ఇప్పుడు నా సంచిలో రెండు కొత్త స్ప్రింగు కాంటాలు, పరీక్ష తూనికరాళ్లు, గడులు గీసిన నాలుగు ఖాళీ రిజిస్టర్లు ఉన్నాయి. మొత్తం పదహారు కిలోలు.

డైరీలో మార్చి 8 పక్కన ‘తీసివేసినది సరే, చెప్పిన కారణం తప్పు’ అని సవరణ రాసి, ఉయ్యాలలను చీరలు ఇచ్చిన ఇళ్లకే తిరిగి పంచాను. బాలమణి తన వాటా చూసుకొని, “మంచిగైంది సిస్టరమ్మా, పిండి గిర్నీకి సంచి లేకుండె” అన్నది.

ఈ అనుభవం వల్ల నేను నేర్చుకున్నది ఇది. పద్ధతి ఒకటి పనిచేసినప్పుడు అది ఎందుకు పనిచేసిందో కూడా పక్కనే రాసిపెట్టుకోవాలి. రాయకపోతే కొన్నేళ్లకు పద్ధతి మిగులుతుంది, కారణం పోతుంది. అప్పుడు ఎంత అనుభవం ఉన్నవారైనా తప్పుడు వస్తువును చక్కగా కుట్టి, పరీక్షించి, మోసుకుపోతారు. రెండోది, కావలసినదేమిటో తీసుకునేవారిని అడగాలి. నా చేత అడిగించినందుకు నాకు కోపం లేదు. నా ఒక్కదాని చేతే అడిగించినందుకు ఉన్నది.

కనుక ప్రయాణ కమిటీ వారికి, ఈ వ్యాసం నకలుతో పాటు, నా విన్నపం:

మిగతా ఐదుగురి సంచులలో కొత్త గౌన్లు, టోపీలు, బిస్కెట్ ప్యాకెట్లు, పళ్ల బ్రష్షులు, బొమ్మలు ఉన్నాయి. వీటిలో ఏయే వస్తువు గురించి సిస్టర్ అకిన్యిని అడిగారు? ఏ తేదీన అడిగారు? ఆమె ఏమన్నది? అడగనివి ఉంటే ఎందుకు అడగలేదు? వస్తువుకు ఒక వరుస చొప్పున, కమిటీ సంతకంతో, ఏప్రిల్ 7 సాయంత్రం ఐదు గంటలలోగా నాకు రాతపూర్వకంగా సమాధానం ఇవ్వవలసినదిగా కోరుతున్నాను.