దీపం బురుజు కింద చెప్పులు

కోరుట్లకెల్లి కథలాపూర్ పోయే తొవ్వల బస్సు దిగితె మా ఊరి చెరువు కట్టమీద దీపం బురుజు కనవడుతది. మొన్న పోయేసరికి ఊరి పోరగాండ్లు దానికి సున్నమేసి, చరిత్ర అని ఒక బోర్డు వెట్టిండ్రు. ఎన్ని మెట్లున్నయో, ఏ రాయితోని కట్టిండ్రో అన్నీ రాసిండ్రు. ఆఖరుకు, కావలాయన నిద్రవోయి దీపం ఆరిపోనిచ్చిండు, ఒక మనిషి పాణం వోయింది, అప్పటిసంది బురుజు మూతవడ్డది అని రాసిండ్రు. నాకు ఒళ్లు మండింది. తెల్వనోళ్లకు చరిత్ర ఎందుకు? పోయిన మనిషి మా బాపు. కావలి చాచా నిద్రవోలేదు. గది నాకు నలభై ఏండ్లసంది ఎరుకే.

అప్పట్ల చేపలకు పోయేటోళ్లు తెప్ప ఎక్కేముందు చెప్పులు బురుజు కింద ఇడిచేది. తిరిగొచ్చినంక తొడుక్కొని ఇంటికి పోయేది. ఒక్క జత మిగిలినా చాచా పైన కందిలి ఆర్పకపోయేది. జతలన్నీ పోయినంక నీళ్లమీదికెల్లి ఎవలన్న పిలిస్తె అది మనిషి కాదని, పలుకద్దని, దీపం సూపద్దని ఊరంత నమ్మేది. సూపితె మన ఎన్క ఇంటిదాక వస్తదట.

ఆ వానకాలం చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మత్తడి మీదికెల్లి కిందికి దుంకుతున్నయ్. బాపు అంగట్ల కొత్త తోలు చెప్పులు కొనుక్కున్నడు. ఆ దినం అవి బురుజు కింద ఇడిచి చేపలకు పోయిండు. మాపటికి వాన మొదలైంది. నేను పదేండ్లదాన్ని. అయ్యో, తోలు నాని ఖరాబైతదని బురుజు కాడికి ఉరికి, చెప్పులు గౌను కింద దాసుకొని ఇంటికి తెచ్చిన. బాపు మెచ్చుకుంటడనుకున్న. నన్ను కన్న అవ్వ గడపకాడ చెప్పులు చూసి, మనిషి ఒడ్డుకొచ్చి కల్లు దుకాణంల కూసున్నడని తిట్టుకుంట బువ్వ వండింది.

ఇగ బురుజు మీద దీపం ఆరింది. కొంచెం సేపటికి చెరువులకెల్లి పిలుపు.

"దీపం... దీపం సూపుండ్రి."

వాడకట్టంత తలుపులు దబదబ మూసుకున్నయ్. అవ్వ నా చెవులు మూసింది. పిలుపు మత్తడి దిక్కు జరుగుకుంట జరుగుకుంట పోయింది. తర్వాత నీళ్ల సప్పుడొక్కటే.

తెల్లారి బాపు మత్తడి కింద దొరికిండు. చెప్పులు లేకుండె, గందుకే ఆర్పిన అని చాచా అందరి ముంగట మొత్తుకున్నడు. అవ్వ అప్పటికే చెప్పులను పొయ్యిల వెట్టింది. ఇల్లంత తోలు కాలిన వాసన. నోరిప్పితె సంపుతనని నన్ను బెదిరిచ్చింది. ఊరోళ్లు చాచాను నిద్రవోయి అబద్ధమాడుతున్నడని తరిమిండ్రు. నేను సిరిసిల్లకు కోడలై వచ్చి, బట్ట నేసే సాంచెలకు నూలు కండెలు చుట్టుకుంట బతికిన. అవ్వ పోయినంక గూడ నోరిప్పలే. సిగ్గులేని బతుకు.

బోర్డు చూసినంక ఆగబుద్ధి కాలే. చాచా కండ్లు మూసేలోపల ఆ మచ్చ పోవాలె అనుకొని జగిత్యాల పోయిన. ఆయన బిడ్డ ఇంట్ల మంచంల ఉన్నడు. ఎవరి బిడ్డనో చెప్పి, చెప్పులు నేనే తీసుకపోయిన, బోర్డు మీద నిజం రాయిస్త అన్న. ఏడుపు ఆగుతలేదు. తిడుతడనుకున్న.

"రాయించకు బిడ్డా" అన్నడు. "చెప్పులు లేవు, నిజమే. గని పిలిచేది మీ బాపు గొంతే అని నాకు తెలిసింది. అగ్గిపెట్టె చేతులనే ఉండె. భయమై గీయలే."

నా చెయ్యి వట్టుకున్నడు. "నువ్వు ఇంట్లనే ఉంటివి గద. నీకు తెల్వలేదా?"

"తెలిసింది చాచా" అన్న. "అవ్వకు గూడ తెలిసింది."